మీటరు చెప్పని వయసు: అమెరికాలో సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్ కొనేముందు

అమెరికాలో కొత్త ఫుల్‌సైజ్ పికప్ సగటు ధర 60 వేల డాలర్లు ఎప్పుడో దాటేసింది. తోలు సీట్లు, పెద్ద తెర, నాలుగు తలుపులు, ఫోర్ వీల్ డ్రైవ్ అన్నీ కావాలంటే 75 వేలు, 80 వేలు. ఆ అంకె చూశాక చాలామంది నాలుగైదేళ్ళు వాడిన ట్రక్కుల వైపు తిరుగుతారు. అక్కడా ఊరట తక్కువే. సెడాన్ ధర జారినంత తొందరగా పికప్ ధర జారదు. ఇళ్ళు కట్టేవాళ్ళు, తోటపని చేసేవాళ్ళు, పడవలు లాగేవాళ్ళు, ఏమీ లాగకపోయినా పికప్‌లోనే తిరగాలనుకునేవాళ్ళు అందరూ ఒకే బజారులో ఉంటారు.

పోటీ తక్కువ కావడం మరో కారణం. దాని వెనక ఒక కోళ్ళ తగాదా ఉంది. 1960ల మొదట్లో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. దానికి బదులుగా ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ 1963 డిసెంబరులో విదేశీ లైట్ ట్రక్కుల మీద 25 శాతం సుంకం ప్రకటించాడు. కోళ్ళ గొడవ ముగిసింది గానీ ‘చికెన్ టాక్స్’ మాత్రం ఉండిపోయింది. ఈ బజారు ఫోర్డ్, జీఎం, క్రైస్లర్ చేతుల్లో నిలబడిపోవడానికి అది బాగా ఉపకరించింది. టయోటా కూడా టండ్రాను అమ్ముకోవడానికి టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో ఫ్యాక్టరీ పెట్టుకుంది. నిసాన్ తన టైటన్‌ను 2024 మోడల్‌తో ఆపేసింది. కాబట్టి వాడిన ట్రక్ కొనేవాళ్ళ ముందున్నవి ప్రధానంగా ఐదే: ఫోర్డ్ ఎఫ్-150, జీఎం వారి షెవ్రొలే సిల్వరాడో 1500, దాని కవల జీఎంసీ సియెరా, క్రైస్లర్ కుటుంబపు రామ్ 1500, టయోటా టండ్రా.

ఈ ఐదింటిలో ఏది మంచిదన్న వాదన అమెరికాలో ఎప్పటికీ తెగదు. ఫోర్డ్ ఇంట్లో పుట్టినవాడు షెవీ (షెవ్రొలే) ఎక్కడు. కొనేవాడికి ఆ వాదన వల్ల ఒరిగేది తక్కువ. ఎద్దును కొనే రైతు పళ్ళు చూసి వయసు తెలుసుకుంటాడు, కానీ బేరం ఖాయం చేసుకునేది మెడ మీద కాడి కాయ చూసి, నాలుగు అడుగులు నడిపించాకే. పికప్‌కి మోడల్ సంవత్సరం, మైళ్ళు పళ్ళ లాంటివి. అది ఏ పని చేసింది, ఎంత బరువు మోసింది, ఏ వాతావరణంలో బతికింది అన్నవి మీటరులో కనిపించవు, వేరేచోట వెతకాలి.

మైళ్ళు, గంటలు

కారు రోడ్డు మీద నడిచినప్పుడే అరుగుతుంది అనుకుంటాం. పని ట్రక్ నిలబడి కూడా అరుగుతుంది. హ్యూస్టన్ ఎండలో ఏసీ వేసుకుని, మిచిగన్ చలిలో హీటర్ వేసుకుని, సైటు దగ్గర ఇంజిన్ ఆపకుండా గంటలు గంటలు కూర్చునే సూపర్‌వైజర్ ట్రక్ ఓడోమీటర్‌లో ఒక్క మైలు కూడా చేరదు. ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఫోర్డ్, జీఎం, రామ్ ట్రక్కుల్లో చాలావాటికి డాష్‌బోర్డ్ మెనూలోనే ఇంజిన్ గంటలు చూపించే పేజీ ఉంటుంది. ఫోర్డ్ ట్రక్కుల్లో చాలావాటిలో బండి కదలకుండా ఇంజిన్ ఖాళీగా తిరిగిన గంటలు విడిగా కూడా కనిపిస్తాయి. మైళ్ళను గంటలతో భాగిస్తే ఆ ట్రక్ సగటు వేగం వస్తుంది. లక్ష మైళ్ళు, 2,500 గంటలు అంటే సగటున గంటకు 40 మైళ్ళు. ఎక్కువగా హైవే మీద తిరిగిన బండి. అదే లక్ష మైళ్ళు 5,000 గంటల్లో వచ్చాయంటే సగటు 20 మైళ్ళే. ఊరి ట్రాఫిక్కో, సైటులో నిలబడటమో, రెండూనో. ఖాళీగా తిరిగిన ఒక్కో గంటను 25 నుంచి 35 మైళ్ళ అరుగుదలగా లెక్కగట్టడం ఫ్లీట్ మెకానిక్‌ల అలవాటు. 1,500 ఖాళీ గంటలున్న ట్రక్ అంటే మీటరు చూపించని మరో 45 వేల మైళ్ళు ఉన్నట్టే. పది నిమిషాలు కూడా పట్టని ఈ లెక్కను అమ్మేవాళ్ళు తమంతట తాము చెప్పరు, అడిగేవాళ్ళూ అరుదు.

మీటరు అంకె నిజమేనా అన్నది వేరే ప్రశ్న. డిజిటల్ ఓడోమీటర్‌ని వెనక్కి తిప్పడం పాత అంకెల చక్రాల మీటర్లకన్నా తేలిక అయిపోయింది. ఫెడరల్ నిబంధన కూడా మారింది: 2011, ఆ తర్వాతి మోడళ్ళకు యాజమాన్యం మారేటప్పుడు మీటరు అంకెను రాతపూర్వకంగా ప్రకటించడం ఇప్పుడు 20 ఏళ్ళ దాకా తప్పనిసరి. అంతకుముందు పదేళ్ళకే వదిలేసేవారు. ప్రకటించిన అంకెను, బండి చరిత్ర నివేదిక ఇచ్చే కార్‌ఫ్యాక్స్‌లో ఉన్న పాత సర్వీసు అంకెలతో పోల్చి చూస్తే సరిపోతుంది.

మిగతా ఆధారాలు బండి ఒంటి మీదే ఉంటాయి. వెనక ట్రైలర్ తగిలించే హిచ్ రిసీవర్ గొట్టం లోపలి గోడలు మెరుస్తూ అరిగి ఉంటే తరచుగా ట్రైలర్ లాగినట్టు. వెనక సామాను తొట్టి (బెడ్) నేల మీద, బరువైన ట్రైలర్లు తగిలించే గూస్‌నెక్ బంతి కోసం చేసిన రంధ్రం ఉంటే పశువుల ట్రైలరో, బరువైన యంత్రాలో లాగినట్టు. పైకప్పు మీద పూడ్చిన రంధ్రాలుంటే అక్కడ ఒకప్పుడు పసుపుపచ్చ హెచ్చరిక దీపం ఉండేదన్నమాట. బెడ్‌లో గీతలుండటం తప్పు కాదు, ట్రక్ పుట్టిందే అందుకు. బెడ్ ముందు గోడ సొట్ట పడి, క్యాబ్‌కీ బెడ్‌కీ మధ్య సందు ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ ఉంటేనే ఆగి ఆలోచించాలి.

ఇక్కడే తెల్ల ఫ్లీట్ ట్రక్కుల మాట చెప్పాలి. ఫోర్డ్‌లో ఎక్స్‌ఎల్, షెవీలో డబ్ల్యూటీ, రామ్‌లో ట్రేడ్స్‌మన్ అనే పేర్లతో కంపెనీలు, కరెంటు సంస్థలు, నగరపాలికలు కొనే సాదా ట్రక్కులివి. వినైల్ సీట్లు, రబ్బరు నేల, తెల్ల రంగు. చూడగానే మనసు పడే రకం కాదు. అయినా వాటిని తోసిపుచ్చకూడదు. ఆయిల్ మార్పు తేదీతో సహా రాసిపెట్టే యజమాని దగ్గర పెరిగిన ట్రక్, నాలుగు చేతులు మారిన అందమైన ట్రక్ కన్నా నమ్మదగింది. ఖాళీ గంటలు మాత్రం తప్పక చూడాలి. 20 అంగుళాల చక్రాలు, బండిని ఆరంగుళాలు ఎత్తు చేసే లిఫ్ట్ కిట్, కంప్యూటర్ ట్యూన్ చేయించిన ట్రక్‌ని ముచ్చటపడి ఎక్కువ డబ్బిచ్చి కొనడం కన్నా తెల్లది కొని మిగిలిన డబ్బు పక్కన పెట్టుకోవడమే తెలివైన బేరం. లిఫ్ట్ చేసిన బండిలో బాల్ జాయింట్లు, యాక్సిల్ జాయింట్లు తయారీదారు అనుకోని కోణాల్లో తిరుగుతూ తొందరగా పోతాయి. ఆ ఖర్చు కొత్త యజమానిదే.

ఉప్పు, నీళ్ళు

ఒహాయో, మిచిగన్, పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల్లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు అడుగున చేరి ఫ్రేమ్‌ని తింటుంది. కార్లకు బాడీయే నిర్మాణం. పికప్‌కి మాత్రం అడుగున నిచ్చెన ఆకారంలో ఉక్కు ఫ్రేమ్ ఉంటుంది, బరువంతా దాని మీదే. పైన ఎంత మెరిసినా ఫ్రేమ్ పుచ్చిపోతే బండి పనికిరాదు.

టయోటా పేరు వినగానే నమ్మేసే మనవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. టకోమా, టండ్రా, సెకోయాల ఫ్రేములు ముందుగానే తుప్పు పట్టాయన్న దావాలో 2016లో కుదిరిన పరిష్కారం విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా వేశారు. అందులో 2007, 2008 టండ్రాలు ఉన్నాయి. ఆ పరిష్కారం కింద ఫ్రేమ్ మార్పించుకునే గడువులు ముగిసిపోయాయి. ఫోర్డ్ 2015లో ఎఫ్-150 బాడీని అల్యూమినియంతో చేసి 700 పౌండ్ల దాకా బరువు తగ్గించింది. అల్యూమినియం ఎర్రతుప్పు పట్టదు, నిజమే. ఫ్రేమ్ మాత్రం ఉక్కుదే. అందువల్ల ఉత్తరాది ఎఫ్-150లో తలుపుల అంచులు తళతళలాడుతున్నా అడుగున తుప్పు పొరలు పొరలుగా లేచి ఉండచ్చు. పాత ట్రక్కుల్లో తలుపు కింద తుప్పు చూసి అడుగు సంగతి ఊహించే వీలుండేది, ఇప్పుడు అది పోయింది.

చూడాల్సిన చోట్లు: వెనక యాక్సిల్ పైన ఫ్రేమ్ వంపు తిరిగే చోటు, స్ప్రింగులు తగిలించిన బ్రాకెట్లు, స్పేర్ టైరు వేలాడే అడ్డపట్టీ, బ్రేకు ఆయిల్ గొట్టాలు. చిన్న సుత్తితో తడితే గట్టి ఉక్కు ఖంగుమంటుంది, పుచ్చింది డబడబమంటుంది. పైపై గోధుమరంగు మామూలే. పెచ్చులు ఊడొస్తే వద్దనుకోవాలి. పాత ట్రక్ అడుగంతా కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే అమ్మేవాడిని ‘ఎప్పుడు కొట్టించారు, ఎందుకు’ అని అడగాలి. అమ్మకానికి వారం ముందు కొట్టించిన నలుపు రక్షణ కోసం కాదు.

దక్షిణాది ట్రక్కులకు ఉప్పు బాధ లేదని టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా బండ్లకు ఉత్తరాదిలో గిరాకీ. అయితే గల్ఫ్ తీరం వాటికి వేరే గండం ఉంది. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టన్‌ని ముంచినప్పుడు లక్షల వాహనాలు నీళ్ళపాలయ్యాయి. 2022లో ఫ్లోరిడాలో ఇయన్, 2024లో హెలీన్ అదే పని చేశాయి. నీట మునిగిన బండి టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ‘సాల్వేజ్’ (పాడైన బండి) అనో ‘ఫ్లడ్’ అనో ముద్ర పడాలి. ఇన్సూరెన్స్ లేని బండి మునిగితే చాలాసార్లు ఆ ముద్ర పడదు. పడిన వాటిని కూడా నిబంధనలు వదులుగా ఉన్న ఇంకో రాష్ట్రంలో రిజిస్టర్ చేయించి ముద్ర కడిగేసే వ్యాపారులున్నారు. ఎన్‌ఐసీబీ అనే ఇన్సూరెన్స్ కంపెనీల సంస్థ వెబ్‌సైటులో 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) కొట్టి దొంగబండి, సాల్వేజ్ రికార్డులు ఉచితంగా చూసుకోవచ్చు. రికార్డు శుభ్రంగా ఉన్నా సీటుబెల్టును చివరిదాకా లాగి చూడాలి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి అడుగులో బురద చార ఉంటే ఇక ఏ కాగితమూ అక్కర్లేదు.

ఇంజిన్ల జాతకాలు

బ్రాండ్ వాదన దండగ అన్నామే గానీ, ఇంజిన్, సంవత్సరం మాత్రం చాలా ముఖ్యం. ఒకే పేరుతో అమ్మిన ట్రక్కులో రెండేళ్ళ తేడాతో మంచి ఇంజిన్, చెడ్డ ఇంజిన్ వచ్చిన సందర్భాలు బోలెడు.

ఫోర్డ్‌తో మొదలుపెడదాం. 2004 నుంచి 2010 దాకా ఎఫ్-150లో వచ్చిన 5.4 లీటర్ల, మూడు వాల్వుల ట్రైటన్ ఇంజిన్‌కి చెడ్డపేరుంది. వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే క్యామ్ ఫేజర్లు టకటకమంటాయి. అందులో మొదటి ఏళ్ళ ఇంజిన్లలో రెండు ముక్కలుగా చేసిన స్పార్క్ ప్లగ్గులు మార్చేటప్పుడు విరిగి లోపలే ఉండిపోతాయి. అంతకుముందు తరం రెండు వాల్వుల ఇంజిన్లది తిరగబడ్డ కథ: మర చాలక ప్లగ్గులు వాటంతటవే బయటికి ఎగిరిపడేవి. 2011లో వచ్చిన 5.0 లీటర్ల కొయోటీ వీ8 వీటన్నిటికన్నా ఎంతో మెరుగు. అదే ఏడు వచ్చిన 3.5 ఎకోబూస్ట్ టర్బో వీ6 లాగడంలో దిట్ట, కానీ మొదటి తరంలో టైమింగ్ చైన్ సాగేది. 2017 నుంచి 2020 మధ్య ఎకోబూస్ట్‌లలో చల్లగా ఉన్న ఇంజిన్‌ని స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గరగరమని శబ్దం వస్తే క్యామ్ ఫేజర్లు పోయినట్టే. మరమ్మతు వేల డాలర్లలో ఉంటుంది. అందుకే పికప్ చూడటానికి వెళ్ళేముందు ‘నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి’ అని అమ్మేవాడికి చెప్పాలి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే అతను ఏదో వినిపించకూడదనుకుంటున్నాడని అనుమానించవచ్చు. 2017 నుంచి వచ్చిన పది గేర్ల ఆటోమేటిక్‌లో గేర్లు కుదుపుతో మారడం మరో ఫిర్యాదు. దాన్ని కనీసం అరగంట నడిపితే గానీ పట్టుకోలేం.

జీఎంకి 5.3 లీటర్ల వీ8 ప్రాణం. దానికి ఉన్న తెగులు కూడా అందులోనే. పెట్రోలు ఆదా కోసం నెమ్మదిగా పోతున్నప్పుడు సగం సిలిండర్లను ఆపేసే ఏర్పాటును 2007 తరం నుంచి విస్తృతంగా వాడారు. 2019 నుంచి ఇంకా సంక్లిష్టంగా చేశారు. అందుకోసం వాడే, వాల్వులను ఎత్తే ప్రత్యేక లిఫ్టర్లు కొన్నిసార్లు ఇరుక్కుపోయి క్యామ్‌షాఫ్ట్‌ని కూడా పాడుచేస్తాయి. గ్యాలన్‌కు ఒకటో అరో మైలు ఆదా చేయబోయి చివరికి నాలుగైదు వేల డాలర్ల బిల్లు తెచ్చిపెట్టే తెలివి ఇది. విచిత్రమేమిటంటే 2021లో చిప్పుల కొరత వచ్చినప్పుడు జీఎం కొన్ని ట్రక్కులను ఈ ఏర్పాటు లేకుండానే అమ్మింది. ఆ ‘లోపం’ ఉన్న బండ్ల కోసమే ఇప్పుడు కొందరు వెతుక్కుంటున్నారు. ఖరీదైన రకాల్లో వచ్చే 6.2 లీటర్ల ఇంజిన్ సంగతి ఇంకా పెద్దది: క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాలతో 2021–24 మోడళ్ళను 2025 ఏప్రిల్‌లో రీకాల్ చేశారు. అమెరికాలోనే దాదాపు 6 లక్షల వాహనాలు. పరీక్షలో నెగ్గిన ఇంజిన్లకు చిక్కటి ఆయిల్ పోసి పంపేశారు. అలాంటి ట్రక్ కొంటుంటే రీకాల్ పని జరిగిందా, ఇంజిన్ మార్చారా, ఆయిల్ మాత్రమే మార్చారా అన్నది కాగితం మీద చూసుకోవాలి.

రామ్ 1500 ఈ ఐదింటిలో సుఖమైన ప్రయాణం ఇచ్చేది. 2009 నుంచే వెనక పట్టీ స్ప్రింగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టడం దానికి కారణం. 5.7 హెమీ ఇంజిన్‌లో ‘హెమీ టిక్’ అనే శబ్దానికి రెండు అర్థాలున్నాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు విరిగితే చల్లగా ఉన్నప్పుడు టిక్కుమని, వేడెక్కాక లోహం సాగి తగ్గిపోతుంది. అది భరించగలిగే ఖర్చు. వేడెక్కినా తగ్గకపోతే లిఫ్టర్, క్యామ్ అనుమానించాలి. అది భరించలేని ఖర్చు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న రామ్ రాత్రంతా నిలబెట్టాక ఒక మూల కుంగి ఉంటే గాలి కారుతున్నట్టు.

2021 దాకా వచ్చిన రెండో తరం టండ్రా 5.7 వీ8 పాతకాలపు ఇంజిన్. గ్యాలన్‌కు 14, 15 మైళ్ళకు మించదు, కానీ మొండిది. దాని నమ్మకాన్ని చూసి 2022లో వచ్చిన కొత్త టర్బో వీ6 టండ్రాని కళ్ళు మూసుకుని కొనకూడదు. తయారీలో మిగిలిన లోహపు పొడి ఇంజిన్ లోపల ఉండిపోయిందని 2024లో దాదాపు లక్ష వాహనాలను రీకాల్ చేసి ఇంజిన్లు మార్చాల్సి వచ్చింది.

పెట్రోలు ఖర్చు గురించి ఎక్కువ మథనపడక్కర్లేదు. ఏడాదికి 12 వేల మైళ్ళు తిరిగితే 15 మైళ్ళ ట్రక్‌కి 800 గ్యాలన్లు, 22 మైళ్ళ ఎకోబూస్ట్‌కి 545. గ్యాలన్ 3 డాలర్లయితే తేడా 765 డాలర్లు. ఒక్క లిఫ్టర్ మరమ్మతు ఐదారేళ్ళ ఆదాని మింగేస్తుంది.

డీజిల్ బండ్ల విషయంలో ఒక హెచ్చరిక. పొగ శుద్ధి చేసే భాగాలు పీకేసి ‘డిలీట్’ చేసిన పికప్‌లు బజారులో చాలా ఉన్నాయి. పదేళ్ళలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌లను ఇలా మార్చేశారని పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది. కాలిఫోర్నియా వంటి రాష్ట్రంలో అలాంటిది స్మాగ్ పరీక్ష దాటదు. అవన్నీ తిరిగి పెట్టించడానికి అయ్యే ఖర్చు వింటే బేరం చవక అనిపించదు.

తలుపు సందులో ఉన్న స్టిక్కర్

‘ఇది 11 వేల పౌండ్లు లాగుతుందండీ’ అని అమ్మేవాడు చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ ఉపయోగపడని నిజం. ఆ అంకె బ్రోషర్‌ది. ఎదురుగా ఉన్న ట్రక్ ఎంత మోయగలదో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ మీద ఉంటుంది: మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని. ప్రతి బండికీ ఆ అంకె వేరు. సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, కరెంటుతో నడిచే మెట్లు, ఇలా సౌకర్యం చేరిన కొద్దీ మోయగల బరువు తగ్గుతుంది. ఖరీదైన ట్రక్ బీదవాడి ట్రక్ కన్నా తక్కువ మోస్తుందన్న సంగతి చాలామందికి కొన్నాకే తెలుస్తుంది.

లెక్క వేసి చూద్దాం. స్టిక్కర్ మీద 1,400 పౌండ్లు ఉంది. లాగాల్సిన క్యాంపింగ్ ట్రైలర్ 7,500 పౌండ్లు. ట్రైలర్ నిలకడగా రావాలంటే దాని బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. 13 శాతం అనుకుంటే 975. బరువు సర్దే హిచ్‌కి ఒక 80. అమ్మానాన్నా ఇద్దరు పిల్లలు కలిసి 560. కూలర్, పెట్టెలు 100. మొత్తం 1,715. బ్రోషర్ 11 వేలు లాగచ్చన్న ట్రక్, ఏడున్నర వేల ట్రైలర్ దగ్గరే 315 పౌండ్లు మితిమీరిపోయింది. ఇంజిన్ లాగుతుంది, దానికేం ఢోకా లేదు. వెనక స్ప్రింగులు, టైర్లు, యాక్సిల్, కొండ దిగేటప్పుడు బ్రేకులు, వీటి మీద పడే భారమే అసలు సంగతి. ఇంత బరువు లాగే ఉద్దేశం ఉంటే ఎఫ్-250, 2500 వంటి పెద్ద రకానికి వెళ్ళాలి, లేదా ట్రైలర్ తగ్గించుకోవాలి.

హిచ్ ఉన్నంత మాత్రాన టో ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కంపెనీ చేసే పూర్తి ఏర్పాటు) ఉన్నట్టు కాదు. ఏడు పిన్నుల గుండ్రటి సాకెట్టు, డాష్‌బోర్డ్‌లోనే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్, పెద్ద రేడియేటర్, ట్రాన్స్‌మిషన్ కూలర్ ఉండాలి. నాలుగు పిన్నుల చదును సాకెట్టు మాత్రమే ఉంటే ఎవరో బయట షాపులో హిచ్ బిగించుకుని ఉండవచ్చు.

మరి ఏమీ లాగనివాళ్ళ సంగతి? డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళలో పికప్ మీద మోజు పడేవాళ్ళకు ఎక్కువసార్లు అడ్డొచ్చేది బరువు కాదు, గ్యారేజీ. నాలుగు తలుపుల ఎఫ్-150 చిన్న బెడ్‌తో 19 అడుగులు దాటుతుంది. ఆరున్నర అడుగుల బెడ్ అయితే 20 అడుగులు దాటిపోతుంది. 20 అడుగుల లోతు గ్యారేజీలో ముందు అలమరా, వాటర్ హీటర్ ఉంటే తలుపు మూతపడదు. కొన్ని కాలనీల హెచ్‌ఓఏలు (ఇంటి యజమానుల సంఘాలు) రాత్రిపూట డ్రైవ్‌వేలో పని వాహనాలు ఉండకూడదంటాయి. కంపెనీ పేరు రాసి, నిచ్చెనలు పెట్టుకున్న ట్రక్కుల మీదే ఆ నియమం ఎక్కువగా పడుతుంది. టేపు తీసుకుని గ్యారేజీ కొలుచుకుని వెళ్ళడం మంచిది.

డబ్బు చేతులు మారేముందు

మెకానిక్ చేత చూపించుకోవడానికి 150 నుంచి 300 డాలర్లు అవుతుంది. వద్దనే అమ్మకందారు దగ్గర కొనక్కర్లేదు. అంతకుముందే 30 డాలర్ల స్కానర్ ఒకటి స్టీరింగ్ కింద సాకెట్టుకి తగిలిస్తే ఒక మోసం బయటపడుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే, చూడటానికి వచ్చే ముందు కోడ్‌లు చెరిపేస్తారు. చెరిపితే బండి స్వయంగా చేసుకునే పరీక్షలన్నీ ‘ఇంకా పూర్తికాలేదు’ అని చూపిస్తాయి. నిన్ననే పదులకొద్దీ మైళ్ళు నడిచిందన్న బండిలో అవి పూర్తికాలేదంటే జవాబు అడగాలి.

ఫోర్ వీల్ డ్రైవ్‌ని కంకర నేల మీదో గడ్డి మీదో ఫోర్-లోలో (నాలుగు చక్రాలకూ నెమ్మది గేరు) వేసి తప్పకుండా చూడాలి. ఏళ్ళ తరబడి ఎవరూ వాడక, ముందు చక్రాలకు శక్తి మళ్ళించే ట్రాన్స్‌ఫర్ కేస్ మోటారు పట్టేసిన ట్రక్కులు టెక్సస్‌లో సాధారణం. పొడి రోడ్డు మీద మాత్రం ఆ పరీక్ష చేయకూడదు, భాగాలు బిగుసుకుంటాయి.

2025 జనవరి నుంచి టెక్సస్ ప్రైవేటు వాహనాలకు ఏటా చేసే భద్రతా తనిఖీ ఎత్తేసింది. పెద్ద నగరాల కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. బ్రేకులు, స్టీరింగ్ మొన్నే ఎవరో చూసి పాస్ చేశారన్న ధీమా ఇక లేదు.

రీకాల్ పెండింగ్‌లో ఉన్న వాడిన వాహనాన్ని అమ్మకూడదని ఫెడరల్ చట్టం డీలర్లను కట్టడి చేయదు. ఇది చాలామందికి ఆశ్చర్యం. రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైటులో విన్ కొట్టి చూసుకోవాల్సింది కొనేవాళ్ళే. పాత డాడ్జ్ రామ్‌లలో తకాటా ఎయిర్‌బ్యాగులు ఇంకా మార్చనివి తిరుగుతున్నాయి. డీలర్ అయితే కిటికీకి ‘బయ్యర్స్ గైడ్’ అంటించాలి. అందులో ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న గడిలో టిక్కుంటే నోటితో ఇచ్చిన హామీలకు విలువ ఉండదు. ఇంజిన్, గేర్‌బాక్స్ మీద కంపెనీ వారంటీ సాధారణంగా ఐదేళ్ళు లేదా 60 వేల మైళ్ళు. సరిగ్గా 61, 62 వేల దగ్గర అంత ఎక్కువ ట్రక్కులు అమ్మకానికి రావడంలో వింతేమీ లేదు. లిఫ్టర్లు, ఫేజర్ల గొడవ ఉన్న మోడల్ అయితే కంపెనీ సర్టిఫై చేసి వారంటీ లక్ష మైళ్ళ దాకా పొడిగించిన బండికి కొంచెం ఎక్కువ ఇవ్వడంలో అర్థం ఉంది. టండ్రా వీ8కి ఆ అవసరం తక్కువ.

ప్రైవేటు అమ్మకమైతే టైటిల్ మీద పేరు, అమ్మేవాడి లైసెన్సు మీద పేరు ఒకటే కావాలి. ‘మా బావమరిది బండి, సంతకం పెట్టి ఇచ్చాడు’ అంటే అది చాలాసార్లు లైసెన్సు లేని వ్యాపారి మాట. తన పేరు మీదికి మార్చుకోకుండానే అమ్మేస్తున్నాడు. ట్రక్ మీద అప్పు ఉంటే బేరం ఆ బ్యాంకు బ్రాంచిలోనే ముగించాలి. టెక్సస్‌లో టైటిల్ మార్చే 130-యూ ఫారం మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి, 30 రోజుల్లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళాలి. పన్ను 6.25 శాతం. పన్ను మిగులుతుందని ఫారంలో ధర తగ్గించి రాద్దామని అమ్మేవాడు అంటే ఒప్పుకోకూడదు, అది నేరం. పైగా లాభమూ ఉండదు. రాసిన ధర రాష్ట్రం కట్టిన ప్రామాణిక విలువలో 80 శాతం కన్నా తక్కువుంటే పన్ను ఆ 80 శాతం మీదే వేస్తారు. ఆ ప్రామాణిక విలువ టెక్సస్ డీఎంవీ సైటులో విన్, మైళ్ళు ఇస్తే ఎవరికైనా కనిపిస్తుంది. బేరానికి కూర్చునేముందు చూసుకోవాల్సిన అంకెల్లో అదీ ఒకటి.